చెయ్యి కంటే ముందు కదిలిన చుక్క

ఆ రోజు చేలో పీకిన వేరుశనగ చెట్లకు కాయలు కోస్తున్నాను. చెట్టు చేతిలోంచి జారింది. అందుకోబోతే కుడిచెయ్యి నాది కానట్టు వేలాడింది. నా నోరు వంకర పోయిందని కూతురు మార్తమ్మ కేక పెట్టింది. ఓర్వకల్లు దాటి కర్నూలుకు ఆటోలో తీసుకుపోయారు. సి.టి. స్కాన్ చేసి స్ట్రోక్ అన్నారు.

నోరు సర్దుకుంది. చెయ్యి రాలేదు. డిశ్చార్జి రోజు గుమాస్తా ఇంకుప్యాడ్ తోశాడు.

"వేలిముద్ర ఎయ్యమ్మా, అయిపోతాది."

"నలభై ఏండ్లు ఏసినా, చాలప్పా. ఇప్పుడు సంతకమే."

"చెయ్యే లేయదు గదమ్మా!"

"ఎడమది ఉండాది గదా."

సుశీలమ్మ అని గీశాను. కోడి కెలికినట్టు వచ్చింది. ముసలితనంలో నేర్చుకున్న అక్షరాలు. కుడిచేత్తో మళ్లీ రాసేదాకా ఊరుకోననుకున్నాను.

మూడు నెలలు ఫిజియోథెరపీకి బస్సెక్కాను. ఒక్క వేలూ కదల్లేదు. అప్పుడు డాక్టరు చెప్పారు: "చెయ్యి కదిలించాలనుకుంటే మెదడులో సిగ్నల్ పుడుతుంది. దాన్ని తల పైనుంచే పట్టుకునే ప్రయోగం జరుగుతోంది. కోత ఉండదు. ఇది వైద్యం కాదు, పరిశోధన. వస్తావా?"

పెద్దవాళ్ల దగ్గరికి కదా అని తలకు ఆముదం దట్టంగా పెట్టించుకుని పోయాను. మెదడు సిగ్నల్ పట్టే ఈఈజీ టోపీలో ఎలక్ట్రోడ్లు నూనె తలకు ఒక్కటీ అంటలేదు. టోపీ పెట్టే ఇంజినీరమ్మ తన తల పట్టుకుంది.

"ఫోటో తీస్తారనుకునింది మేడమ్ మాయమ్మ" అంది మార్తమ్మ.

మర్నాడు కుంకుడుకాయతో తలంటుకుని పోయాను.

"కుడిచెయ్యి మూస్తున్నట్టు ఊహించండి" అంది ఇంజినీరమ్మ. నా సిగ్నల్ అందితే తెర మీద చుక్క కుడికి జరగాలట. అది కదల్లేదు. ఎంతసేపు ఊహించినా అంతే. ఊరికే చెయ్యి మూసి తెరిచే పని నేనెన్నడూ చేసిందాన్ని కాదు. ఆమెకు చెప్పకుండా మనసులో చెయ్యి తడుపుకుని, పొగలు కక్కే రాగిసంగటిని ముద్ద చేయసాగాను. చుక్క కుడికి జరిగింది.

"ఏం చేశారమ్మా?"

"సంగటి ముద్ద కట్టినానమ్మా. ఉత్త చెయ్యి మూసేది నాకు రాదు."

ఆమె నవ్వి రాసుకుంది. కొన్ని రోజులు చుక్క మొండికేసి ఎడమకే పోయేది. నేనూ మొండిదాన్నే. ఇంతలో ప్రయోగం ముగిసి వాళ్లు మెషిన్ తీసుకుపోయారు.

"చుక్క కదిలినంత మాత్రాన చెయ్యి వస్తుందని కాదు" అన్నారు డాక్టరు.

"కదలమని చెప్పేది లోపల ఇంకా ఉండాది గదా సార్. నాకదే చాలు."

ఇంట్లో ప్రతి ఎక్సర్‌సైజుకు ముందు సంగటి ముద్ద కట్టుకునేదాన్ని, మనసులో. చాలా నెలలకు బొటనవేలు వంగింది. దేనివల్లో డాక్టరుకూ తెలియదు.

ఈనాటికీ నీళ్ల బిందె ఎత్తలేను. లావుపాటి పెన్సిల్ పట్టగలను. ఇది రాయడానికి పదకొండు రోజులు పట్టింది, కుడిచేత్తోనే రాశాను.

చెయ్యి పడిపోయినవాళ్లకు ఒకటే చెబుతాను. ఎక్సర్‌సైజుకు ముందు కళ్లు మూసుకుని, ఆ చెయ్యి వేలసార్లు చేసిన పనొకటి మనసులో చెయ్యండి. ఆ పనేదో డాక్టర్లు చెప్పలేరు. మీకే తెలుసు.