అల్వాల్ తోటలో ఉత్తుత్తి చర్చి

అల్వాల్‌లో మా ఇంటి వెనక ఒక దొరగారి మామిడితోట ఉండేది. దాని నడుమ కూలిన చర్చి ఒకటి. ముందు గోడ, పైన కోసుగా ఉన్న రెండు కిటికీలు, ఒక గుమ్మం, అంతే. గుమ్మం దాటితే మళ్లీ మామిడిచెట్లే. ఎప్పుడో తెల్లదొరలు కట్టారని, పిడుగు పడి మిగతాది పోయిందని మా పేటలో క్రైస్తవులందరికీ గట్టి నమ్మకం. ఈస్టర్ తెల్లవారుజామున అక్కడే చాపలు పరుచుకుని పాటలు పాడేవాళ్లం. నా భక్తంతా ప్రార్థన అయ్యాక పెట్టే ఇడ్లీల మీదే.

నా తర్వాత పుట్టిన చెల్లి రెండో రోజుకే పోయింది. బాప్తిస్మం కూడా కాలేదు. అలాంటి పసికందుకు చర్చివాళ్ల సమాధుల తోటలో చోటు అడగడానికి నాన్నకు నోరు రాలేదు. "చర్చి నేలలోనే పెట్టండి" అని అమ్మ ఏడ్చి పట్టుబడితే, తోటమాలిని బతిమాలి ఆ గోడ మొదట్లో పెట్టి వచ్చారు. ఆ తర్వాత అమ్మ ఆదివారం సాయంత్రాలు అక్కడే గడిపేది.

నాన్న పోయిన కొన్నేళ్లకు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పుణ్యమా అని తోటకు అపార్ట్‌మెంట్ల యోగం పట్టింది. గోడ కూల్చేస్తారని తెలిసి అమ్మ నన్ను వెంటబెట్టుకుని, తోటలో వేసిన రేకుల ఆఫీసుకు వెళ్లింది.

"చర్చిని పడగొట్టకండి బాబూ, పాపం" అంది.

అక్కడున్న దొరగారి మనవడు మర్యాదగానే నవ్వాడు. "చర్చి ఏందమ్మా? మా తాత షోకుకు కట్టించిండు. వరండల కూసొని చాయ్ తాగుతుంటే ఎదురుంగ పాత ఇంగ్లండ్ కనబడాలంట. గా గోడెనక ఎన్నడూ ఏం లేకుండె."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పెద్దమనిషి అబద్ధమాడినా బాగుండేది. అమ్మ కొంగు సర్దుకుని వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా మెట్టు మీద కూలబడి, "అయితే నా బిడ్డను ఎక్కడ పెట్టానే?" అంది.

"దేవుడిది కాని నేల ఎక్కడుందమ్మా?" అన్నాను, నేను బడిలో పిల్లలకు పాఠం చెప్పినట్టు. నా మాట నాకే చప్పగా వినిపించింది.

బిడ్డ ఆనవాలైనా దొరుకుతుందేమోనని గోడ మొదట్లో తవ్వుకుంటామంటే దొరగారి మనవడు ఒప్పుకున్నాడు. వేర్లు, రాళ్లు తప్ప ఏమీ దొరకలేదు. ఆ మట్టే కాస్త మూటగట్టి, సమాధుల తోటకు తీసుకెళ్లి నాన్న పక్కన పెట్టాం. పాస్టరుగారు ఏ ఆరా తీయకుండా, పసిబిడ్డకు చేసినట్టే ప్రార్థన చేశారు. అందరం ఆమెన్ అన్నాం.

అమ్మ మాత్రం ఆయన ముందు చేతులు జోడించి, "అయ్యగారూ, ఈ నేల నిజంగా చర్చిదేనా అండీ?" అని అడిగింది.