మా గల్లీ బడిలో లినక్స్ లేచిన శనివారం

మొన్న పింఛను కోసం జీవిత ధ్రువపత్రం ఇవ్వడానికి బ్యాంకుకు వెళ్ళాను. వరసలో నా వంతు వచ్చి కౌంటరు ముందు కూర్చున్నానో లేదో, అక్కడి అమ్మాయి కంప్యూటర్ ఉన్నట్టుండి ఆరిపోయి, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వరసలు వరసలుగా పైకి పాకసాగాయి. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కున్నారు, ఆ అమ్మాయి పాపం నొచ్చుకుంది. నాకు మాత్రం, చెబితే నవ్వుతారేమో గానీ, దూరమైన చుట్టాన్ని చూసినంత సంతోషమైంది. ఒకప్పుడు ఆ తెల్లటి అక్షరాల కోసమే నేనూ మా చిన్నమామా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశాము.

అప్పట్లో నేను బొంబాయి కామాటిపురాలో, మేముండే గల్లీలోనే, తెలుగు బడిలో టీచరును. పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్ళో ఇటుకలు మోసిన మనిషి మా నాన్న. మా వంశంలో కుర్చీలో కూర్చుని చేసే కొలువు నాతోనే మొదలు. బడి అంటే ఒక పాత కట్టడంలో పై అంతస్తు, కింది అంతస్తుల్లో వేరే భాషల బడులు. ఏటేటా మా పిల్లలు ఒక్కొక్కరే మెట్లు దిగి ఆ బడుల్లో చేరిపోతుండేవారు. ఎందుకని తల్లులను అడిగితే, అక్కడ కంప్యూటరుంది బాయీ, ఇక్కడేమున్నదని అనేవాళ్ళు. బొంబాయిలో పంతులమ్మను బాయి అనే పిలుస్తారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక ఆఫీసువాళ్ళు తమకు అక్కరలేని రెండు పాత కంప్యూటర్లు మా బడికి ఇచ్చారు. ఒకదానికి ప్రాణమే లేదు. రెండోది లేచేది గానీ, దాని డిస్కును తుడిచి ఖాళీగా ఇచ్చారు. మా పెద్దబాయి, అంటే హెడ్మిస్ట్రెస్, కఠినురాలు కాదు, కాకపోతే గదుల కరువుతో సతమతమవుతున్న మనిషి; శనివారం తల్లిదండ్రుల సభ నాటికి అది నడవకపోతే ఈ సామానంతా కింది బడికి పంపించేస్తానని నాతో మెత్తగానే చెప్పారు.

అందరూ వాడే కొత్త విండోస్‌ను ఆ ముసలి యంత్రం మోయలేదు. ఫాక్‌లాండ్ రోడ్డులోని చిత్తు కాగితాల దుకాణంలో పాత కంప్యూటర్ పత్రికలు తిరగేస్తుంటే, ఒకదానికి విండోస్‌కు బదులుగా ఉచితంగా వాడుకోగల లినక్స్ సీడీ అతికించి ఉంది; పాత యంత్రాల మీద కూడా నడుస్తుందనీ, తెలుగులో కూడా కనిపిస్తుందనీ లోపల రాసి ఉంది. సోమవారం ఆ సీడీ పెడితే యంత్రం దానివైపే చూడలేదు, తన ఖాళీ డిస్కునే వెతుక్కుని ఏమీ దొరకలేదంది. ముందు సీడీని చూడమని సెట్టింగులలోకి పోయి మార్చవచ్చని పత్రికలో చదివి అలాగే చేస్తే కదిలింది, ఇంతలో గంట కొట్టారు, ఆర్పేశాను. మంగళవారం వచ్చి చూస్తే మళ్ళీ మొదటికే. నేనేదో తప్పు చేస్తున్నాననుకుని బుధవారమూ అదే పని చేసి, సాయంత్రం బస్సెక్కి వర్లి వెళ్ళాను.

వర్లిలో మా చిన్నమామ, అంటే మా అమ్మ తమ్ముడు, బట్టల మిల్లులో ఫిట్టరుగా చేసినవాడు. మగ్గం చప్పుడు విని ఎక్కడ అరిగిందో చెప్పేస్తాడని మిల్లంతా పేరు. మిల్లు మూతబడ్డాక పనిముట్ల సంచిని మంచం కిందికి తోసేసి, మిల్లు కూలీలుండే ఇరుకు గదుల చాల్ వరండాలో గోడకానుకుని కూర్చోవడమే ఆయన పనైపోయింది. పలకరిస్తే ఒక మాట, లేకపోతే అదీ లేదు, అత్తమ్మ లోపల్లోపలే కుమిలిపోయేది. నేను సంగతి చెబితే, కంప్యూటర్ మొహమే ఎరగను, ఇంగ్లీషు రాదు, నేనేం చేస్తానని తల అడ్డంగా ఊపాడు. యంత్రమేగా మామా, చదివేది నేను చదువుతాను, నువ్వు చూడు చాలునని బతిమాలాను.

గురువారం సంచితో వచ్చాడు. వచ్చి దేన్నీ ముట్టుకోలేదు. రెండు మూడుసార్లు ఆర్పి వెలిగించమని, తెర మీద వచ్చే ప్రతి ముక్కా నాచేత చదివించుకున్నాడు. ఎన్నో ఏళ్ళ కిందటి తారీఖు చూపిస్తోందని నేను నవ్వుతూ చదివేసరికి చెయ్యి ఎత్తి ఆపాడు.

"దీనికి ఇయ్యాల ఏ రోజో యాద్ లేదు బిడ్డా. నిన్న నువ్వు చెప్పింది మాత్రం యాదుంటదా?"

మూత విప్పితే లోపల గడియారాల్లో ఉండేలాంటి గుండ్రటి బ్యాటరీ ఒకటి, చచ్చిపోయి ఉంది. గడియారాలు బాగుచేసే దుకాణంలో అలాంటిదే దొరికింది. అది మార్చాక యంత్రం ఏం చెప్పినా మరవలేదు. ప్రాణం లేనిదాంట్లోంచి మెమరీనీ, పెద్ద డిస్కునూ తీసి దీనికే బిగించాడు. శుక్రవారం మధ్యాహ్నానికి లినక్స్ ఎక్కించడం పూర్తయింది, సీడీ తీసి మళ్ళీ మొదలుపెట్టమంది. మొదలుపెడితే నల్లటి తెర మీద ఒక చిన్న గీత మిణుకు మిణుకుమంటూ ఉండిపోయింది, ఎన్నిసార్లు చేసినా అంతే. పెద్దబాయి వచ్చి చూసి, ఇక చాల్లే అమ్మా అని నా భుజం తట్టి వెళ్ళారు. నాకు ఏడుపొచ్చింది.

మామ మాత్రం సీడీతో లేపి, డిస్కులో మనం పెట్టినదంతా ఉందో లేదో చూడమన్నాడు. అంతా ఉంది. సామాను లోపలే ఉంది, దీని చెయ్యే అందడంలేదు అన్నాడు. ఆ మాట పట్టుకుని పత్రిక చివరి పేజీలు వెతికితే సన్నటి అక్షరాల్లో దొరికింది: పాత యంత్రాలు లేచే సమయంలో పెద్ద డిస్కు మొదట్లో కొంతమేరే చూడగలవు, లేపే ఫైళ్ళు అంతకు అవతల పడితే వాటికి కనిపించవు, డిస్కు మొట్టమొదట చిన్న భాగం చేసి ఆ ఫైళ్ళను అందులో ఉంచాలి. అంటే చేసిందంతా చెరిపి మళ్ళీ చేయాలి. పత్రిక మూసి పక్కన పెట్టేశాను.

"ఇప్పి మళ్ల బిగించుట్ల సిగ్గేమున్నది? నా నౌకరంత గదే" అన్నాడు మామ.

శనివారం తెల్లవారగానే బడి తాళం తీయించి, డిస్కు మొదట్లో చిన్న భాగం చేసి, అంతా మళ్ళీ ఎక్కించాము. పిల్లల తల్లిదండ్రులు మెట్లెక్కుతున్న చప్పుడు వినిపిస్తుండగా సీడీ తీసి మీట నొక్కాను. చిన్న గీత మిణుకుమంది, ఆగింది, తర్వాత తెల్లటి అక్షరాలు ఒక్కసారిగా పైకి పరుగెత్తాయి, ఆపైన తెర రంగులతో విచ్చుకుంది. తెలుగు ఎంచుకున్న సంగతి నేను మామకు చెప్పలేదు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, వేలు తెరకు ఆనిస్తూ, కొత్తది, తెరువు, భద్రపరచు, ముద్రించు అని ఒక్కొక్కటే పైకి చదివాడు. గుమ్మంలో తల్లులు గుమిగూడి ఉన్నారు. మామ కళ్ళజోడు తీసి నావైపు తిరిగాడు.

"ముప్పై ఏండ్లు మిషన్ల నడుమనే బతికిన బిడ్డా. మన తెలుగుల రాసున్న మిషన్ను ఇదే మొదలు సూసుడు."

దీన్ని బాగుచేసిందెవరని పెద్దబాయి అందరి ముందూ అడిగితే, మా మామ, మిల్లు ఫిట్టరు అని చెప్పాను; నా కొలువులో నేను అంత గర్వంగా చెప్పిన మాట మరొకటి లేదు. ఆ ఏడాది నా తరగతి నుంచి ఒక్క పిల్ల కూడా మెట్లు దిగలేదు. మామ సంచి మళ్ళీ మంచం కిందికి పోలేదు. కింది బడులవాళ్ళు కూడా వచ్చి పిలిచేవారు, ఆయన వెళ్ళి, ముందుగా తారీఖు చదవండని అడిగేవాడట. పోయే ముందు ఏడాది వరకూ అలా తిరుగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు ఆ పై అంతస్తులో తెలుగు బడి లేదు. పిల్లలు తక్కువయ్యారని ఎప్పుడో ఎత్తేశారు. ఆనాడు తెర మీద తెలుగు కనిపించడమే వింత, ఈనాడు గల్లీలో ప్రతి చేతిలోని ఫోనులోనూ తెలుగు ఉంది, కోరుకునేవాళ్ళు లేరు. నా మనవరాలు నన్ను ఆజీ అంటూ మరాఠీలో మాట్లాడుతుంది, నేను తెలుగులో బదులిస్తాను, ఇద్దరికీ అర్థమవుతుంది, తెలుగు అక్షరాలు మాత్రం దానికి రావు, అక్కడే ఆగిపోతాము. తెలుగులో పెట్టుకున్న నా ఫోను చెడి దుకాణానికి తీసుకుపోతే, తాత పాలమూరు నుంచే వచ్చినవాడైన ఆ దుకాణదారు దాన్ని అటూ ఇటూ తిప్పి, చదవడం రాదు ఆజీ, హిందీలోకి మార్చనా అంటాడు. ఇంతవరకు నేను మార్చనివ్వలేదు.