చెమట పట్టిన గుండు

పోర్చుగీసు వాళ్ళు అరబ్బు తీరంలోని ఖోర్‌ఫక్కాన్‌ను తగలబెట్టారని చరిత్ర పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలుంటాయి. వాళ్ళ ఫిరంగి గుండు ఒకటి మా లేబర్ క్యాంపులో అమ్మవారై పూజలందుకుందని మాత్రం ఎక్కడా లేదు. ఆ గుండు ఇప్పుడు సముద్రంలో ఉంది. దాన్ని చూసినవాళ్ళలో నేనెరిగినంతలో ఇద్దరమే మిగిలాం. రెండోవాడికి రాయడం రాదు. అందుకే నేను రాస్తున్నాను.

డెబ్బైల చివర అక్కడ రేవు పనులు జరుగుతుండేవి. నేను స్టోర్‌లో సిమెంటు, ఇనుము చూసుకునేవాణ్ణి. బడిలో చదివింది ఎనిమిదో తరగతి వరకే. మిగతాదంతా పాలకొల్లు గ్రంథాలయం పెట్టిన భిక్ష. మా వైపున్న డచ్చివాళ్ళ సమాధులు చూసి, వీళ్ళు ఇంత దూరం ఎందుకొచ్చి చచ్చారన్న అనుమానం చిన్నప్పుడే పట్టుకుంది. అదే నాచేత బీరువాలకు బీరువాలు చదివించింది. తెల్లవాళ్ళు మిరియాల కోసం, బంగారం కోసం, మతం కోసం, అరబ్బు వర్తకుల చేతిలో ఉన్న దారిని లాక్కోవడం కోసం వచ్చారని, క్యాంపులో ఎవరడిగినా అడక్కపోయినా చెప్పేవాణ్ణి.

నా గదిలో కరీంనగర్ వైపు కుర్రవాడొకడు ఉండేవాడు. నన్ను అన్నా అనేవాడు. ఒడ్డు దగ్గర కాలువ తవ్వుతుంటే తడి ఇసుకలో కొబ్బరికాయంత నల్లటి గుండు దొరికింది. ఫోర్‌మన్ పారేయమంటే గదికి తెచ్చాడు. నేను చూడగానే పోల్చుకున్నాను. ఓడలు, ఫిరంగులు, తగలబడిన ఊరు, అన్నీ చెప్పాను. దాన్ని సర్కారుకు అప్పగించి, గుర్తుపట్టింది నేనేనని చెప్పుకోవాలని మనసులో ఉంది.

ఆ వారంలోనే అతనికి ఒళ్ళంతా పొక్కులు లేచాయి. గుండుకు చెమట పట్టింది కూడా అప్పుడే. ఎవరూ నీళ్ళు చల్లలేదు. నల్లటి ఇనుము మీద ఎర్రటి బొట్లు, అతని పొక్కుల్లాగే గుండ్రంగా. తుడిస్తే మళ్ళీ వచ్చేవి.

తల్లి వచ్చిందన్నారు అతని ఊరివాళ్ళు. గుండును అతని తలాపున రేకు మూత మీద పెట్టి పసుపు రాశారు. రోడ్డు పక్క చెట్టు నుంచి వేపాకు తెచ్చి, పసుపునీళ్ళలో వేసి, తల్లి చల్లబడాలని గుండు మీద సాక పోశారు. పోసినకొద్దీ బొట్లు ఎక్కువయ్యాయి. గదంతా నెత్తురు వాసన. ఉప్పు పీల్చుకున్న ఇనుము చెమ్మకు అలా కారుతుందని చాలా ఏళ్ళ తర్వాత చదివాను.

అతనికి ఊపిరి బరువెక్కింది. దవాఖానకు పోదామంటే, తల్లి ఒంటి మీదుండగా మందు తింటే ఆమెకు కోపం వస్తుందన్నాడు. నేను నా చదువునే నమ్ముకున్నాను. ఆ తెల్లవాళ్ళ ఓడలు అమెరికాకు ఇలాంటి జబ్బులనే మోసుకుపోయాయని, తుపాకుల కన్నా వాటికే ఊళ్ళు ఖాళీ అయ్యాయని చెప్పాను. అతను కళ్ళు మూసుకుని విన్నాడు.

“గట్లనా అన్నా. అయితె ఆళ్ళు గూడ తల్లిని ఎంబడి తోల్కవోయిండ్రన్నట్టు. మరి ఎనుకకు మలుపుకపోకుంట గీడనె ఇడిచిపెట్టిండ్రు.”

తలాపునున్న గుండు వైపు చెయ్యి చూపించాడు.

“సాగనంపు. తల్లి సముద్రంల దిగంగనె దవాఖానకొస్త. ఆమె కత నీకే ఎరుక. నువ్వె తోల్కపో.”

మధ్యాహ్నం విరామంలో గుండును తువ్వాలులో చుట్టుకుని బయల్దేరాను. కొంత దూరం పోయేసరికి పొట్టకు వేడి తగిలింది. ఎండ అనుకుని గోడ నీడలో నిలబడ్డాను. వేడి తగ్గలేదు. జ్వరమొచ్చిన పిల్లవాడి తలను ఎత్తుకున్నట్టుంది. సముద్రంలోకి పోసిన రాళ్ళ కట్ట చివర టప్‌మని శబ్దమైంది. విప్పి చూస్తే గుండు చిట్లి ఉంది. లోపల ఎర్రగా, పచ్చిగా ఉంది. ఒక పెచ్చు ఊడి నా అరచేతిలో పడింది. రుజువుగా దాచుకుందామనుకుని జేబులో వేసుకున్నాను. గుండును నీళ్ళలోకి వదిలాను, మునిగింది. వెనక్కి నాలుగడుగులు వేశానో లేదో, జేబు దగ్గర తొడ వెచ్చబడింది. తిరిగొచ్చి పెచ్చునూ నీళ్ళలో వేశాను.

గదిలో అతను ఒకటే అడిగాడు. “మొత్తం పోయిందా అన్నా?”

“మొత్తం.”

అతను నా భుజం పట్టుకుని లేచాడు.

పేర్లు రాయకుండానే కృతజ్ఞతలు చెప్పుకుంటాను. పొక్కులున్న మనిషిని జంకకుండా తన పక్కనే కూర్చోబెట్టుకున్న పఠాన్ డ్రైవర్‌కు. కుర్రవాడి ఊపిరి తేలికయ్యేదాకా మంచం వదలని మలయాళీ నర్సుకు. చిన్నప్పుడు డిపాజిట్ కట్టలేని నాకు బీరువా తాళాలిచ్చిన పాలకొల్లు గ్రంథపాలకుడికి. చివరగా, ఇదంతా నా భ్రమేమోనని నేనన్నప్పుడల్లా చొక్కా విప్పి ఆనాటి పొక్కుల మచ్చలు చూపించే నా తమ్ముడికి.