ఆరున్నొక్కటి

మా ఓనరు గారికి ఏడు అంటే భయం. ఏడుకొండలవాడితో పేచీ లేదు, ఏటా కొండకు వెళ్ళి వస్తారు. భయమల్లా ఆ మాట సరుకు మీద పడితేనే. వాళ్ళ పెద్దలది బియ్యం వ్యాపారం. కాటా దగ్గర బస్తాలు లెక్కపెట్టేటప్పుడు ఆరు తరువాత "ఆరున్నొక్కటి" అని, వెంటనే ఎనిమిదికి దూకేవారట. ఏడు అంటే ఏడుపు కదా, సరుకు మీద ఏడుపు పడకూడదు. బస్తాల దగ్గర ఏమనుకున్నా నాకు అభ్యంతరం లేదు. కానీ ఇప్పుడు ఆయన అమ్మేది సాఫ్ట్‌వేరు, దాన్ని నడిపేది నేను.

మా ఆఫీసు పటమటలో. పామర్రు చుట్టుపక్కల రైసుమిల్లులకు ధాన్యం టోకెన్లు ఇచ్చే సాఫ్ట్‌వేరు మాది. రైతుకు టోకెను ఫోన్‌కి వస్తుంది, అందులో ఉన్న రోజున ట్రాక్టరు తోలుకొచ్చి మిల్లులో కాటా వేయించుకోవాలి. కోతలప్పుడు అందరూ ఒక్కసారే మీద పడతారు కనుక మెషీన్లను క్లౌడ్‌లో అద్దెకు తీసుకుంటాం. రద్దీ పెరిగితే కొత్తవి వాటంతటవే పుడతాయి, తగ్గితే పోతాయి. మనిషి చెయ్యి పడకుండా అదంతా జరిగేలా రాసింది నేనే. పుట్టిన ప్రతి మెషీనూ మా గోడౌన్‌లోంచి ఫలానా నంబరు ప్యాకేజీ, అంటే మా సాఫ్ట్‌వేరు మూట, తెచ్చుకుని పనిలోకి దిగుతుంది. ఆ గోడౌనూ క్లౌడ్‌లోనే ఉంటుంది. మెషీను పేరే చూస్తుంది, విప్పి చూడదు. ఆ పేరుగల ప్యాకేజీ తన దగ్గర ఉంటే మళ్ళీ తెచ్చుకోదు.

అప్పటిదాకా పొలం ఎవరి పేరున ఉంటే వాళ్ళకే టోకెను. పొలం ఎవరిదో, పండించేది ఎవరో డెల్టాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు, మా సాఫ్ట్‌వేరుకు తప్ప. ఏడో ప్యాకేజీలో కౌలుదార్లను చేర్చాం. నేను కష్టపడి చేసిన పని అది, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

"ఏమ్మా, ఆ నంబరు మార్చెయ్," అన్నారు ఓనరు గారు. "కోతల మొదట్లోనే ఏడు ఏంటమ్మా?"

"అది లోపలి నంబరండీ. ఎవరికీ కనపడదు."

"నాకు కనపడుద్దిగా."

నేను మార్చలేదు. భోజనానికి వెళ్ళి వచ్చేలోగా మేనేజరు చేత మార్పించారు. 6.1 అని పెట్టించారు. అంటే ఆరున్నొక్కటి! అప్పటికి నడుస్తున్న పాత ప్యాకేజీ పేరూ 6.1 అనే. దాన్ని తీసేసి, అదే పేరుతో దీన్ని పెట్టారు. నాతో ఒక్క ముక్క చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఒకావిడ చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చింది. కౌలు రైతు. ధాన్యం ట్రాక్టరు మిల్లు దగ్గర కొడుకుకు అప్పజెప్పి, పామర్రులో బస్సెక్కి వచ్చింది. కంప్యూటరు వాళ్ళనే అడుక్కోమని మిల్లు గుమాస్తా పంపాడట. ఫోను నా ముందు పెట్టింది. టోకెను ఉంది.

"రాత్రి మీ మిషనే రమ్మంది, ఇయ్యాల కాటా దగ్గర మీ మిషనే నేనెవరో తెలీదంటంది. నేనున్నానో లేనో మీరే చెప్పండమ్మా. అక్కడ మబ్బు పట్టేసింది, ధాన్యం మీద కప్పడానికి బరకం ఒక్కటే ఉంది." అంటూనే ఏడ్చేసింది.

గదిలోంచి ఓనరు గారి గొంతు వినపడింది. "ఎవరది, ఆఫీసులో ఆరున్నొక్క రాగం అందుకుంది?"

నేను స్క్రీను తెరిచాను. రాత్రి పుట్టిన మెషీన్లు కొత్త ప్యాకేజీ తెచ్చుకున్నాయి. అంతకుముందు నుంచీ ఉన్నవి, పేరు అదే కదా అని పాతదానితోనే నడుస్తున్నాయి. ఆవిడకు టోకెను ఇచ్చింది కొత్త మెషీను, కాటా దగ్గర జవాబు చెప్పింది పాత మెషీను. అదీ సంగతి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన పట్టింపు ఆయన గల్లాపెట్టె దగ్గర పెట్టుకోవచ్చు. ఈవిడ కాటా మీద పెట్టమని ఎవరు చెప్పారు?

ప్యాకేజీకి మళ్ళీ 7 అని పేరు పెట్టాను. పాత మెషీన్లన్నిటినీ తీసిపారేశాను. ఒకసారి పెట్టిన పేరు ఇంకోదానికి ఇక ఎవరూ పెట్టలేకుండా, ఓనరైనా సరే, గోడౌన్‌కు తాళం వేశాను. కొత్త మెషీన్లు లేవగానే మిల్లు గుమాస్తాకు ఫోను చేశాను. ఆవిడ కూడా వినాలని స్పీకరు పెట్టాను.

"వచ్చిందండీ, ఆవిడ పేరొచ్చింది. కౌలు అని కూడా చూపిస్తంది," అన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "కానీ ఇక్కడ ఇందాక వాన దంచేసిందండీ. సగం తడిసిపోయింది. తేమ మరీ ఎక్కువుంది, దించుకునేది లేదంటన్నారు మావోళ్ళు."

ఈలోగా ఓనరు గారు బయటికి వచ్చి నా వెనక నిలబడ్డారు. ఫోనూ విన్నారు, స్క్రీను మీద నంబరూ చూశారు.

"చూశావామ్మా?" అన్నారు. "నే చెప్తే విన్నావు కాదు. ఏడు పెట్టావ్, ఏడుపొచ్చింది."

ఆయనతో నేనన్న మాటలు ఇక్కడ రాస్తే అచ్చు వేయరు. నేను అరుస్తుండగానే ఆవిడ ఫోను తీసుకుని లేచింది. ఏడుపు ఎప్పుడో ఆపేసింది. పామర్రు బస్సు ఎక్కడ ఆగుతుందని నన్ను అడిగింది.