గుర్రాన్ని గడప దాటనివ్వని టెగ్వెన్

నాంట్‌వెన్ లోయలో ఇంటిపేరు ఉన్నా లేనట్టే లెక్క. ఊళ్ళో సగం మంది జోన్సులు, మిగతా సగం డేవిసులు. ఒకర్ని పిలిస్తే పదిమంది పలికే ఊళ్ళో వేగలేక, ఎవరు చేసే పనిని వాళ్ళ పేరుకు ముందు తగిలించేశారు. మాంసం కొట్టు నడిపేవాడు మాంసం డిల్విన్. బొగ్గు గనిలో కరెంటు పని చేసినవాడు బల్బు ఇడ్రిస్. గని మూతపడి ఏళ్ళు గడిచినా ఆ బల్బు మాత్రం ఆరలేదు. ఇక టెగ్వెన్ ఉత్తరాల టెగ్వెన్. నిచ్చెనలాంటి ఆ వీధుల్లో, కిందనుంచి కూడా కురుస్తుందా అనిపించే ఆ వానలో, సంచీ భుజాన వేసుకుని ఊరందరి శుభాలూ అశుభాలూ మోసి మోసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, "నాకు తెలిసిన మగవాళ్ళందరి ఉత్తరాలూ నేనే పంచాను కదా" అనేది.

పాడే జాతులు లోకంలో చాలా ఉన్నాయి. ఒంటెల్ని నడిపించడానికి పాడేవాళ్ళున్నారు, తెడ్లు వెయ్యడానికి పాడేవాళ్ళున్నారు, చచ్చినవాడు మళ్ళీ లేవకుండా పాడేవాళ్ళు కూడా ఉన్నారు. ఎదుటివాణ్ణి తిట్టాలన్నా ముందు ప్రాస చూసుకునే జనం మాత్రం వేల్స్ లోయల్లోనే కనిపిస్తారు. రగ్బీలో బంతి జారవిడిచిన కుర్రాణ్ణి కూడా వాళ్ళు నాలుగు గొంతుల్లో, శ్రుతి తప్పకుండా తిడతారు. మార్చి ఒకటిన దేవిడ్ సాధువు పండగకి కోటుకి ఉల్లికాడ తగిలించుకుని బయల్దేరిన పెద్దమనిషి, సాయంత్రానికి పాడీ పాడీ ఆకలేసి ఆ కాడని సగం కొరికేసి ఉంటాడు.

ఇంత పాట ఉన్న ఊళ్ళో టెగ్వెన్‌కి ఒక్క బహుమతీ రాలేదు. ఐస్టెద్వడ్ అని ఏటా జరిగే కవితల పోటీకి మారుపేరుతో పద్యం పంపేది. తీర్పరి వేదిక మీద నిలబడి ఒక్కొక్క పద్యాన్నీ ఉతికి ఆరేస్తూ ఆమెదాని దగ్గరికొచ్చేసరికి "నడక బాగుంది" అని పక్కన పెట్టేవాడు. పద్యం రాసిన మనిషికి అంతకన్నా తిట్టు లేదు. తిట్టినా గుర్తుంచుకున్నట్టుండేది.

ఆమె గెలిచేది ఒక్కచోటే, తన ఇంటి తలుపు వెనక.

కొత్త సంవత్సరం వచ్చిన వారంలో, పొద్దు గూకే వేళ, ఊళ్ళో గుర్రం బయల్దేరుతుంది. నిజమైన గుర్రపు పుర్రె. కళ్ళ గుంటల్లో సీసా అడుగులు, మెడకి రంగు రిబ్బన్లు, కర్రకి గుచ్చి కింద తెల్ల దుప్పటి. దుప్పటిలో బల్బు ఇడ్రిస్ దూరి తాడు లాగుతూ దవడ టకటకలాడిస్తాడు. కళ్ళెం పట్టుకుని డిల్విన్ ముందు నడుస్తాడు. వెనక ఊరు. మూసిన తలుపు ముందు ఆగి, లోపలికి రానివ్వమని పాటలో అడుగుతారు. లోపలివాళ్ళు పాటలోనే కుదరదంటారు. అక్కణ్ణుంచి మాటకి మాట, తిట్టుకి తిట్టు. ఇంటివాళ్ళకి జవాబు తట్టకపోతే తలుపు తీసి తిండీ తాగుడూ పెట్టాలి. గుర్రానికి తట్టకపోతే నోరు మూసుకుని పక్కింటికి పోవాలి. ఊళ్ళో ప్రతి ఇల్లూ మర్యాదకి నాలుగు పాటలు పాడి ఓడిపోయేది. టెగ్వెన్ ఇల్లు ఒక్కనాడూ ఓడలేదు. ఏటా డిల్విన్ మూడో పాటకి తడబడి, దగ్గి, తలవంచుకుని వెళ్ళిపోయేవాడు. ఆ దగ్గు చప్పుడుతోనే ఆమె ఏడాదంతా బతికేది.

నవంబరులో ఒక శనివారం, రగ్బీ క్లబ్బులో టీవీ ముందు ఊరంతా కూర్చుని ఉంది. ప్రార్థన మందిరం విందుకి అరువు తెచ్చిన పెద్ద టీ కెటిల్ తిరిగి ఇవ్వడానికి టెగ్వెన్ వెనక వంటగదిలోకి వచ్చింది. ఆట విరామం. గోడలోని చిన్న కిటికీకి అవతల మాటలు వినిపించాయి.

"ఏరా, ఈసారి టెగ్వెనక్క దగ్గర రెండో పాటకే చేతులెత్తేద్దామా?" ఇడ్రిస్ గొంతు.

"రెండోదానికే ఆగితే అనుమానం వస్తుందిరా," అన్నాడు డిల్విన్. "మూడోదానికి దగ్గుతాలే, ఎప్పట్లాగే."

"ఒక్క ఏడు గెలిస్తే ఏమవుతుంది?"

"గెలిస్తే లోపలికెళ్ళాలి. లోపలికెళ్తే ఆ ఎండుద్రాక్ష కేకు తినాలి. నువ్వు తిన్నావా ఎప్పుడైనా?"

"మీ అమ్మ పోయినప్పుడు పంపింది కదా, తిన్నాను. తిన్నాననకూడదు, కుస్తీ పట్టాను. గనిలో అలాంటి రాయి తగిలితే మందుగుండు పెట్టి పేల్చేవాళ్ళం."

అంతలో ఆట మొదలైంది. వేల్స్ ఏదో గొప్ప పని చేసింది కాబోలు, క్లబ్బు కప్పెగిరేలా కేకలు. ఆ గోలలో కెటిల్ ఎత్తి కుదేసిన చప్పుడు ఎవరికీ వినపడలేదు.

కేకు సంగతి టెగ్వెన్ ఆ సాయంత్రమే ఒప్పేసుకుంది. ఇంటికొచ్చి ఒక ముక్క కొయ్యబోతే కత్తి వంగింది. న్యాయంగా చూస్తే వాళ్ళ తప్పేం లేదు. కానీ పాట? ఇన్నేళ్ళ గెలుపులో ఒక్కటైనా తనదా? లేక అన్నీ కేకువేనా? మోకాళ్ళు నొప్పిపెట్టినా పట్టించుకోని మనిషికి ఆ ప్రశ్న నిద్ర పట్టనివ్వలేదు. అడిగితే ఎవరూ నిజం చెప్పరు. వాళ్ళు నిజంగా గెలవాలనుకుంటేనే తేలుతుంది.

డిసెంబరులో ఆమె మాంసం కొట్టుకి వెళ్ళింది.

"నీ పంది తొడ ఒకటి కావాలి డిల్విన్. తేనె పూసి ఉడకబెడతావే, అదే. మొత్తం తొడ."

"మొత్తమే! ఎవరైనా పోయారా అక్కా?"

"నోరు మంచిది నీది. గుర్రం వచ్చే రోజు బల్ల మీద పెడదామని. పబ్బులో చెప్పి చిన్న పీపా బీరు కూడా తెప్పిస్తున్నా."

డిల్విన్ కత్తి గాల్లో ఆగింది. ఆ తొడ ఉడకబెట్టేది అతనే అయినా తినే రాత అతనికి లేదు. గుండెకి మంచిదికాదని డాక్టరు చెప్పిన నాటినుంచి అతని భార్య నెస్టా ఇంట్లో ఉడికిన ఉల్లికాడలు తప్ప వేరే కనపడనివ్వడం లేదు.

"మరి... కేకు?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఈ ఏడు చెయ్యట్లేదు నాయనా. పొయ్యి పాడైంది."

పొయ్యి నిక్షేపంగా ఉంది.

వారం తిరక్కుండా నెస్టా వచ్చి నెత్తి బాదుకుంది. "ఏం మందు పెట్టావే మా ఆయనకి? స్నానాల గదిలో కూడా ప్రాసలు వెతుక్కుంటున్నాడు. ఇడ్రిసూ ఈయనా రోజూ మా గరాజులో కూర్చుని నిన్ను తిట్టడం సాధన చేస్తున్నారు. నాకైతే కొన్ని బాగానే ఉన్నాయనిపించాయి, ఏమనుకోకు."

టెగ్వెన్ ఏమీ అనుకోలేదు. నెస్టా వెళ్ళాక మాత్రం తనూ పాటలు కట్టడం మొదలుపెట్టింది. అంట్లు తోముతూ కడుతుంది, పక్క దులుపుతూ పాడుతుంది, బాగాలేదని చెరిపేస్తుంది. ఓడిపోతానేమోనన్న భయం ఎలా ఉంటుందో మర్చిపోయిన మనిషి. అది చలిలో బయటికొచ్చినట్టు ఒళ్ళంతా మేలుకొలిపింది.

గుర్రం వచ్చిన సాయంత్రం వాన మామూలుగానే కురుస్తోంది. తలుపు అవతల గొడుగులు, లాంతర్లు, దవడ టకటకలు. లోపల బల్ల మీద తొడ వాసన తలుపు సందుల్లోంచి బయటికి పోతోంది. డిల్విన్ గొంతు సవరించుకున్నాడు. దగ్గులాంటిదేమీ లేదు.

"ఊరి ఉత్తరాలు మోసి ఒళ్ళు హూనమైందంటావు,
ఆవిరి పట్టి ప్రతి కవరూ ముందు నువ్వే చదివావు!"

జనం "ఓహో" అన్నారు. టెగ్వెన్ తలుపుకి వీపు ఆనించి అందుకుంది.

"నీ ఉత్తరం చదవాలా? కవరు చూస్తే చాలదా?
పొట్ట తగ్గించమన్న డాక్టరు దస్తూరి నాకు తెలియదా!"

నెస్టా నవ్వు అందరికన్నా గట్టిగా వినపడింది. మూడో పాట వచ్చింది, ఆగలేదు. నాలుగోదీ వచ్చింది. తన రగ్బీ రోజులు ఎత్తుకున్నాడు డిల్విన్.

"ఈ కాళ్ళతో ఉరికితే ఇంగ్లాండే హడలింది,
ముసలమ్మ తలుపొకటి మమ్మల్నేం ఆపుతుంది!"

"నువ్వురకడం ఒక్కసారే చూసిందట ఊరంతా,
బంతి వెంట కాదు బాబూ, బారు మూసే వేళంటా!"

ఆమెకి ఒక జవాబు పాడుతుండగానే ఇంకోటి వెతుక్కోవాల్సి వస్తోంది. అవతల కూడా అంతే. డిల్విన్ గొంతు నిజంగానే బొంగురుపోయింది. ఎవరో "ఇంకా ఉందా నీ దగ్గర?" అని గుసగుసలాడారు. "ఆగరా, ఆగు" అంటున్నాడు. ఇక అయిపోయిందనుకుంది టెగ్వెన్. అప్పుడు దుప్పటి లోపల్నుంచి, ఎప్పుడూ నోరు విప్పని గుర్రం పాడింది.

"చచ్చినాక కూడ పళ్ళు చక్కగున్న గుర్రమిది,
నీ కేకు కొరికిననాడే ముందు పన్ను ఊడినది!"

టెగ్వెన్ నోరు తెరిచింది. తలుపుకున్న చిన్న గాజులోంచి పుర్రె కనిపిస్తోంది. ముందు పన్ను నిజంగానే లేదు. ప్రాస కోసం వెతికింది, పన్ను దగ్గరే ఆగిపోయింది. ఇంకోటి వెతికింది, నవ్వొచ్చింది. బయట జనం తలుపు దగ్గరికి జరిగారు. ఎవరైనా పోయినప్పుడు తప్ప ఆ వీధి అంత నిశ్శబ్దంగా ఉండదు.

ఆమె గడియ తీసింది.

"రండి. ఓడిపోయాను."

మొదట ఎవరూ నమ్మలేదు. తర్వాత ఒక్కసారిగా మీదపడ్డారు, గుర్రంతో సహా. కొమ్ముల్లేవు గాని ఉంటే గుమ్మం ఊడేది. డిల్విన్ కుర్చీలో కూలబడి, నెస్టా చూడకుండా మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఒక్కమాట చెప్పు," అంది టెగ్వెన్ అతని ముందు నిలబడి. "నిజంగా గెలవాలనే పాడావా, ఇవాళ?"

"అక్కా," అన్నాడు నమిలి మింగి, "ఊరంతా తిరగడానికని దాచుకున్న పాటలన్నీ నీ ఒక్క గుమ్మంలో ఖర్చయిపోయాయి. పబ్బు దగ్గర ఏం పాడాలో దేవుడికే తెలియాలి. కేకు పాట మాత్రం నాది కాదు, వీడిది. నేను వద్దన్నాను, వినలేదు."

"నేను అనకూడదనే అనుకున్నానక్కా," అన్నాడు ఇడ్రిస్ దుప్పటిలోంచి తల బయటపెట్టి. "తొడ వాసనొచ్చింది. ఏం చెయ్యను."

టెగ్వెన్ తల ఊపింది. అందరికీ బీరు పోసింది. ముక్కలు కోసి పెట్టింది. ఓడిపోయిన మనిషిలా లేదు. పొయ్యి పక్కన గోడకి ఆనించిన పుర్రెను చూస్తూ ఒక్క క్షణం ఆగింది. వంగి దాని కళ్ళగుంటలోని సీసా అడుగులోంచి లోపలికి చూసింది. ఇంకాస్త వంగి చూసింది.

"లేవండి," అంది.

"ఏమైందక్కా?"

"లేవండంటుంటే! అందరూ బయటికి. గుర్రాన్ని కూడా తీసుకోండి. జవాబు తట్టింది."

"ఇప్పుడా? ఆట అయిపోయింది కదా తల్లీ!"

"అయిపోయిందని ఎవరన్నారు? విరామం. నడవండి ముందు."

పదేళ్ళ పిల్లల్ని బడినుంచి తరిమినట్టు తరిమింది. చేతుల్లో మాంసం ముక్కలతో, గ్లాసుల్లో వాన పడుతుండగా, ఊరంతా మళ్ళీ వీధిలో నిలబడింది. ఇడ్రిస్ తడి దుప్పటిలోకి గొణుగుతూ దూరాడు. తలుపు మూసుకుంది. గడియ పడింది. లోపల్నుంచి పాట.

"నా కేకుకే పన్ను రాలె, కాదని నేనన్నానా?
ఎవడి పాటకి మెదడు రాలె? పుర్రె ఖాళీ, చూడలేనా!"

మొదట నెస్టా నవ్వింది. తర్వాత గొడుగులన్నీ ఊగాయి. జనం డిల్విన్ వైపు తిరిగారు. నోటినిండా ఉన్నది గబగబా మింగాడు. ఆకాశం వైపు చూశాడు. పెదవులు కదిపాడు. "పుర్రె... బుర్రె..." అన్నాడు. ఏమీ రాలేదు. వాన చూరునుంచి కారుతోంది.

తలుపు వెనక టెగ్వెన్ చెవి ఒగ్గి వింటోంది. దగ్గు వినపడలేదు.

దుప్పటి కింద దవడ ఒక్కసారి టక్కుమంది. అది జవాబు కిందికి రాదని డిల్వినే తీర్పు చెప్పాడు.