పిస్తోలుకు కట్టిన ఇమామ్ జామిన్

పోలీస్ యాక్షన్ తర్వాత మౌలాలీలో మా వీధి మొత్తానికి ఆయుధం తిరిగొచ్చిన మనిషి మా అబ్బాజాన్ ఒక్కడే. ఎవరి దగ్గర ఏమున్నా ఠాణాలో అప్పజెప్పాలని హుకుం వచ్చినప్పుడు ఆయన తన పిస్తోలును శుభ్రంగా తుడిచి, నూనె వేసి, తీసుకెళ్లి ఇచ్చి వచ్చాడు. ఎన్ని అర్జీలు పెట్టాడో, ఎన్ని గడపలు తొక్కాడో గానీ, ఏడాదిన్నరకు కొత్త సర్కారు దాన్ని లైసెన్సు కాగితంతో సహా వాపసు ఇచ్చింది. ఆ రోజుల్లో ముసల్మాను చేతికి పిస్తోలు తిరిగివ్వడమంటే నిన్ను నమ్ముతున్నామని సర్కారు రాసిచ్చినట్టే లెక్క. ఆ కాగితాన్ని ఆయన అడిగినవాళ్లకు చూపించేవాడు. అడగనివాళ్లకు కూడా చూపించేవాడు.

పిస్తోలు వచ్చింది గానీ దానికి పని లేదు. అబ్బాజాన్ ఇరవై ఏళ్లు ఒక జాగీర్దారు ఖజానాకు కాపలా ఉన్నాడు. జాగీర్లు రద్దయ్యాయి. ఖజానా పోయింది, దాంతోపాటు కాపలా కూడా పోయింది. అమ్మీ, నేనూ పాత బస్తీ దుకాణం నుంచి లక్క గాజులు తెచ్చుకుని, ఇంట్లో కుంపటి ముందు కూర్చుని వాటికి అద్దం తునకలు అతికేవాళ్లం. ఆయన ఎదురుగా కూర్చుని మా చేతులవైపు చూసేవాడు కాదు.

అలాంటప్పుడు సికింద్రాబాద్‌లో ఒక ముత్యాల సేట్ కబురు పెట్టాడు. ముత్యాలు తీసుకుని విమానంలో మద్రాసు పోతున్నాడట. సొంత పిస్తోలు, దానికి లైసెన్సు ఉన్న నమ్మకస్తుడు వెంట కావాలట. ఈ ఒక్క ప్రయాణం సాఫీగా జరిగితే ఉద్యోగం పక్కా. తేడా వస్తే ఎవరి దారి వారిది.

తీరా చూస్తే విమానంలో పిస్తోలు ఒంటి మీద ఉండకూడదట. తూటాలు తీసి వేరే కట్టాలి. పిస్తోలును రేకు డబ్బాలో పెట్టి, గుడ్డ చుట్టి కుట్టి, కుట్టు ముడి మీద ఠాణాలో లక్క సీలు వేయించి, సామాన్లతో పాటు కిందికి పంపాలి. అంటే ముత్యాలు సేట్ కోటు లోపలి జేబులో, కాపలాదారు సేట్ పక్క సీట్లో, కాపలాదారు పిస్తోలు ఎక్కడో పెట్టెల మధ్య.

"మరి దొంగొస్తే ఎట్ల అబ్బా? మద్రాస్ల దిగేదాంక జెర ఆగమంటరా?" అని అడిగాను.

"కాయిదా కాయిదానే" అన్నాడు ఆయన.

సీలు వేసిన ఠాణా అమీన్ సాబ్ ఇంకో ముక్క కూడా చెప్పాడు. దారిలో సీలు తెగితే లైసెన్సు రద్దు. అబ్బాజాన్ ఇంటికొచ్చి డబ్బాను గూట్లో పెట్టి ఆ ముక్కను మాకు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ మేం తల ఊపాం.

ప్రయాణం రోజు తెల్లవారుజామున ఆయన నమాజుకు మసీదుకు వెళ్లాడు. మా ఇళ్లలో ఎవరు ఊరికి పోతున్నా కుడి చేతి దండకు ఇమామ్ జామిన్ కడతారు. గుడ్డలో ఒక నాణెం చుట్టి, క్షేమంగా చేరాలని దువా చేసి కట్టి, చేరాక ఆ నాణెం ఏ బీదవాళ్లకో ఇచ్చేస్తారు. అమ్మీ ఆకుపచ్చ పట్టుగుడ్డ చింపి కూర్చుంది. చూస్తే రెండు కడుతోంది.

"రెండోది ఎవ్వరికమ్మీ?"

"మీ అబ్బకు సేట్ తోడున్నడు. గదొక్కటే కింద పోతది గద, ఎవ్వరెవ్వరి పెట్టెలల్లనో. మనం తినే బువ్వ దాని మీదనే ఉండె."

అమ్మీతో వాదించి గెలిచినవాళ్లు మా వంశంలో లేరు. నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట సబబుగానే తోచింది. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు, చిన్నపిల్లనని చెప్పుకోవడానికి కూడా లేదు.

సీలు జోలికి పోకుండా పక్క కుట్టు విప్పుదామని అమ్మీ ఆలోచన. రెండు కుట్లు తెగేసరికి గుడ్డ లాగి, సీలు నిట్టనిలువునా పగిలింది. అమ్మీ మొహం చూశాను, అది కూడా అలాగే ఉంది. అయినా ముందు పని ముందు చేసింది. డబ్బా తెరిచి, బిస్మిల్లా అని, పిస్తోలు పిడికి ఇమామ్ జామిన్ కట్టింది. ఆ తర్వాత నావైపు చూసింది.

లక్క పని నాకు కొత్త కాదు కదా. గుడ్డ మళ్లీ కుట్టి, కుంపటి మీద గాజుల లక్క కరిగించి ముడి మీద పోశాను. ముద్ర వేయడానికి ఏమీ దొరక్క, కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే ఇత్తడి అంగుస్తానాతో నొక్కాను. గుండ్రంగా, చుక్కలు చుక్కలుగా ముచ్చటగానే పడింది. అందులో ఒక అద్దం తునక ఉండిపోయిందని చూసేలోపు లక్క గట్టిపడింది, వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

సేట్ కారులో చోటుంది, విమానం చూసొస్తానని నేనూ ఎక్కాను. విమానం మీద నాకంత మోజేం లేదు. ఇంట్లో కూర్చుంటే గుండె ఆగేలా ఉంది.

బేగంపేటలో పెట్టెలతో పాటు మనుషుల్ని కూడా తూచేవారు. అబ్బాజాన్ కాటా మీద జడ్జి ముందు నిలబడ్డట్టు నిలబడి దిగాడు. తర్వాత డబ్బా బల్ల మీదికొచ్చింది. అక్కడి ఆఫీసరు మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. మర్యాదస్తుడు, అదే నా భయం. మర్యాదస్తులు ప్రతిదీ సాంతం చూస్తారు.

"ఏమండీ, ఇది ఏ ఠాణా ముద్రండీ?"

అబ్బాజాన్ వంగి చూశాడు. ఎర్రటి లక్క మీద చుక్కలు, మధ్యలో తళుక్కుమంటూ అద్దం. ఆ అంగుస్తానా నాకు కొనిచ్చింది ఆయనే. ఆయన తల తిప్పి నన్ను చూశాడు. ఉత్తరం ఒకటి మొదటి నుంచి చివరిదాకా చదివినంతసేపు చూశాడు.

ఆఫీసరు కుట్లు కోసి డబ్బా తెరిచాడు. పిడికి కట్టిన ఆకుపచ్చ గుడ్డ విప్పాడు. నాణెం బల్ల మీద పడింది.

"ఏమిటిది? ఎవరికైనా గుర్తా? మద్రాసులో ఎవరికి అందాలి?"

ఆ రోజుల్లో మావాళ్లు జైలుకు పోవడానికి అంతకన్నా చిన్న అనుమానాలు సరిపోయాయి. సేట్ రెండడుగులు పక్కకు జరిగి గోడ మీద గడియారం చూడసాగాడు. తూకం వేసేవాళ్లు, ప్రయాణికులు, అందరూ మా వైపు తిరిగారు.

"సీలు ఎవరు తెంచారు?"

నేను నోరు తెరిచాను.

"నేనే సాబ్" అన్నాడు అబ్బాజాన్.

"ఎందుకు?"

"భయమైంది."

జాగీరులో ఒంటరిగా ముగ్గురు దోపిడీగాళ్లను తరిమినవాడు. భయం అనే మాట ఆయన నోట నేను అంతకుముందు వినలేదు.

"ఎన్నడు విమానం ఎక్కినోన్ని గాదు సాబ్. ఇంట్ల నాకు కట్టిన్రు." చొక్కా చేయి పైకి మడిచి తన దండకున్న ఆకుపచ్చ గుడ్డ చూపించాడు. "ఇదొక్కటే కింద చీకట్ల పోతదాయె. దీనికేమన్న అయితదేమోనని పరేషాన్ అయిన. గందుకే దీనికి సుత కట్టిన. తప్పయింది."

ఆఫీసరు ఒకసారి దండకున్న గుడ్డ చూశాడు, ఒకసారి బల్ల మీద గుడ్డ చూశాడు. పెదవి బిగబట్టాడు గానీ ఆగలేదు. నవ్వు ముందు అతనికి వచ్చింది, తర్వాత తూకం వేసేవాళ్లకు, తర్వాత వరసలో ఉన్నవాళ్లందరికీ పాకింది. సేట్ ఆ రెండడుగులూ వెనక్కి వచ్చి అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"పిస్తోలుకే ఇంత భయమైతే ఇక మీ ముత్యాలకు దిక్కెవరండీ?" అని సేట్‌ను అడిగాడు ఆఫీసరు. మళ్లీ నవ్వులు.

నవ్వినవాడు కేసు రాయడు. ఆఫీసరు డబ్బా మళ్లీ కుట్టించి తన ముద్ర వేశాడు, లైసెన్సు వాపసు ఇచ్చాడు. మద్రాసు వెళ్లొచ్చాక ఉద్యోగం పక్కా అయింది. దుకాణంలో అబ్బాజాన్‌ను చివరిదాకా తాయెత్తు సిపాయి అని పిలిచారు. ఆయన పలికేవాడు.

కానీ నన్ను తొలిచేది ఆ పేరు కాదు. అక్కడ అంతమంది నవ్వుతుంటే సర్కారు నమ్మిన ఆ మనిషి మడిచిన చొక్కా చేయి దించకుండా అలాగే నిలబడ్డాడు. నేనొక్కదాన్నే నవ్వకపోతే ఆఫీసరు కన్ను నా మీద పడుతుందని భయమేసింది. నేనూ నవ్వాను. పక్కవాళ్లకు వినపడేలా నవ్వాను. ఆయన నావైపు చూసి, మంచి పని చేశావన్నట్టు, ఎవరికీ తెలియకుండా తల ఊపాడు.