పంతులమ్మ పొడుగుచేతుల రవిక

మా పంతులమ్మ పోయిన శనివారం చనిపోయింది. మూడు రోజుల జ్వరం, అంతే. కొల్లాపూర్ నుంచి ఆమె చెల్లెలు వచ్చేసరికి ఆలస్యమవుతుందని, స్నానం చేయించడానికి అమ్మా, నేనూ, ఇంకో నలుగురు ఆడవాళ్లమూ వెళ్లాం.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. గొర్రెల వెంట పోవలసినదాన్ని. బాపుతో వారం రోజులు వాదించి ఆమె నన్ను బడిలో వేసింది. ఇప్పుడు అదే బడిలో చిన్న పిల్లలకు చదువు చెబుతున్నాను. అందుకే ఇది రాయడం కష్టంగా ఉంది.

నేను ఏడో తరగతిలో ఉండగా ఊళ్లో ఒక పుకారు లేచింది. మశూచి టీకా మచ్చ ఉన్న పిల్లలను కృష్ణ మీద కడుతున్న డ్యాంకు బలిస్తారట. టీకాలవాళ్లు వస్తున్నారనగానే తల్లులు పిల్లలను గడ్డివాముల్లో దాచారు. పంతులమ్మ ఎవరినీ కోప్పడలేదు. నన్ను వెంటబెట్టుకుని మా పొరుగింటి అక్క దగ్గర మొదలుపెట్టింది.

"గీ ముచ్చట నీకెవరు చెప్పిండ్రు?"

"మా తోడికోడలు."

తోడికోడలు ఇంకో ఇల్లు చూపించింది, వాళ్లు మరో ఇల్లు. పదో ఇంటి ముసలమ్మ మళ్లీ మా పొరుగింటి అక్కనే చూపించింది.

"నేను చెప్పలే. నిజమేనా అని అడిగిన, అంతే," అంది అక్క.

"నీ ముచ్చట ఊరంతా తిరిగి నీ ఇంటికే వచ్చింది. జర కాళ్లు కడుక్కోనియ్యి," అంది పంతులమ్మ. అందరం నవ్వాం.

"చూసినవా, విన్నవా?" అన్నది ఆమె రోజూ అడిగే మాట. బడిలో పేపరు చదివించినా, "రాసినాయన చూసిండా, విన్నడా?" అనేది.

అమ్మ మాత్రం ఊరుకోలేదు. "అన్నీ మంచిగనే చెప్తవు. నువ్వు టీకా ఏయించుకున్నవా?"

"ఏయించుకోకుండ నీకెట్ల చెప్త? చిన్నప్పుడే అయింది," అని రవిక మీదినుంచే చేతిని తట్టి చూపించింది. ఎండాకాలంలో కూడా ఆమె రవిక చేతులు మోచేయి దాటేవి. అమ్మ నన్నూ తమ్ముణ్నీ తీసుకుని టీకాకు అందరికంటే ముందు నిలబడింది. వెనక ఊరు కదిలింది.

శనివారం ఆ రవిక విప్పాం. రెండు చేతులూ మచ్చ లేకుండా నున్నగా ఉన్నాయి. నీళ్లు పోస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

చెల్లెలు వచ్చాక అడిగాను. "అక్కకు సూదంటే పానం పోయేది. టీకాలాయన వస్తే వడ్ల గరిసె ఎనక దాక్కునేది. పెద్దగయినంక గుడ ఏయించుకోలే," అంది.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఇంకా పోలేదు. భయమని చెప్పి ఉంటే అమ్మ మమ్మల్ని తీసుకెళ్లేదో లేదో తెలియదు. కానీ అమ్మ మా చేతులు చాపించింది ఆ అబద్ధాన్ని నమ్మి. రవిక పైకి జరపమని మాలో ఒక్కరమూ అడగలేదు.

మూడో రోజుకే ఊళ్లో మాట మొదలైంది. టీకా మంచిదయితే పంతులమ్మే ఎందుకు ఏయించుకోలేదు? టీకాలవాళ్లేమో వచ్చే నెల మళ్లీ వస్తున్నారు.

"నువ్వు చూడలేదను బిడ్డా. సచ్చినామె పరువు పోతది," అంది అమ్మ.

"చూసిన కదమ్మా."

నిన్న బడి అరుగు మీద ఆడవాళ్లు అడిగారు. చెప్పాను. ఆమెకు మచ్చ లేదు, సూదికి భయపడ్డది. నాకూ తమ్ముడికీ ఉంది. టీకా వేయించుకున్న మరుసటి ఏడు పక్క ఊళ్లో మశూచి వచ్చినా మాకు సోకలేదు. ఇలా అని నా రవిక చెయ్యి పైకి జరిపాను.

"కండ్లతోని చాలదు, పట్టి చూడనియ్యి," అంది పొరుగింటి అక్క. ఒక్కొక్కరే వచ్చి బొటనవేలితో మచ్చను తడిమారు. అందరూ అయ్యాక అమ్మ వచ్చింది. ఎన్నోసార్లు చూసిన మచ్చే. ఆమె కూడా వేలు పెట్టి, చాలాసేపు తడిమి చూసింది.